పల్లెలో కొత్త పాటకు సందు ఎక్కడుంది?

నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ. పుత్తూరు దగ్గర నూటపాతిక గడపల పల్లె మీది. బెంగళూరులో ఉద్యోగం, నెలకు రెండుసార్లు ఊరికి వస్తావు. నువ్వు కవిత్వం రాస్తావు, నీ స్నేహితుడు బొమ్మలు వేస్తాడు. ఇద్దరూ కలిసి ఊళ్లో సాహిత్య కళా సంఘం పెట్టారు. మొదటి సమావేశానికి పదకొండు మంది వచ్చారు, రెండోదానికి నలుగురు. వచ్చే నెల మూడోది పెట్టాలా వద్దా, మా ఊరోళ్లకు కళలంటే ఆసక్తి లేదా, మేమే ఏదన్నా తప్పు చేస్తున్నామా అని నీ ప్రశ్న. వయసులో మా చిన్నోడంత ఉన్నట్టున్నావు కాబట్టి నువ్వు అనే రాస్తాను నాయనా, ఏమీ అనుకోవద్దు.

తప్పు మీ వైపే ఉంది. అయినా నలుగురు వచ్చారంటే నాకంటే నయమే. నేను ముప్పై ఒక్క ఏళ్లు ఈ చుట్టుపక్కల హైస్కూళ్లలో తెలుగు పండితుడిగా పనిచేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉగాదికి బడి వరండాలో కవిసమ్మేళనం పెట్టాను. తిరుపతి నుంచి ముగ్గురు కవుల్ని బస్సు చార్జీలిచ్చి పిలిపించాను. గుడ్డ బ్యానరు, మైకు సెట్టు, శాలువాలు, అన్నీ నా జీతంలోంచే. విన్నదెవరయ్యా అంటే బడి అటెండరు, ఎండకు నీడ పట్టున వచ్చి కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు, మైకు తిరిగి తీసుకుపోవడానికి కాచుకున్న కుర్రాడు. ఆ కుర్రాడు మూడుసార్లు టైము అడిగాడు. ఒక కవిగారు మనసు నొచ్చుకుని పచ్చడి కూడా తినకుండా బస్సెక్కేశారు.

మరుసటి నెల అదే ఊళ్లో భారతం పెట్టారు. మన జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు, బయటివాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం: చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో చాలా ఊళ్లలో ధర్మరాజుల గుడి, ద్రౌపదమ్మ గుడి ఉంటాయి. ఎండాకాలంలో అక్కడ పద్దెనిమిది రోజులు మహాభారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. నడుమ ఒక రోజు అర్జునుడు తపస్సు మాను ఎక్కుతాడు. మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, విభూతి విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు, అవి ఒళ్లో పడాలని. చివరి రోజు దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం.

కవిసమ్మేళనానికి రాని ఊరు ఊరంతా, పక్క మూడు ఊళ్లతో కలిసి, తెల్లవారుజాము దాకా చాపలు పరుచుకుని పద్యాలు వింటూ కూర్చుంది. నేను బడిలో బెత్తం పట్టుకున్నా పిల్లలకు ఎక్కని సీసాలూ కందాలూ. నాకు కోపం వచ్చింది, సిగ్గూ వేసింది. ఆ రాత్రి నుంచి చూడటం మొదలుపెట్టాను, వీళ్లు ఇక్కడికి ఎందుకొస్తున్నారు, నా దగ్గరికి ఎందుకు రాలేదు అని.

అర్థమైన మొదటి సంగతి, అక్కడ ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్లు తక్కువ. ప్రతి ఇంటికీ ఏదో ఒక వంతు ఉంది. దుర్యోధనుడి మట్టిబొమ్మనే తీసుకో. ముందురోజు మధ్యాహ్నం రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి మిట్ట మీద పోశారు. కుమ్మరి పెద్దాయన ఒకరు చెప్పులు విప్పి, అడుగులతో కొలుచుకుంటూ నడిచి, తలకాయ ఇక్కడ, మోకాళ్లు ఇక్కడ అని కర్రతో గీతలు గీశారు. ఒక్క గీత కూడా చెరిపి మళ్లీ గీయలేదు. ఆ గీతల్లో కుర్రాళ్లు మట్టి పోసి తొక్కారు. ఆడపిల్లలు బిందెలతో నీళ్లు మోశారు. రాత్రి పొద్దుపోయాక, చుట్టూ నలుగురే ఉన్నప్పుడు, ఆయన కుడి తొడలో గుంట తీసి కుంకుమ నీళ్ల కుండ పెట్టి పైన పల్చగా మట్టి మెత్తారు. మరుసటి రోజు భీముడి గద సరిగ్గా అక్కడ పడాలి. ఆ నలుగురిలో ఒకడు భీముడి వేషం వేసేవాడు, జాగా గుర్తు పెట్టుకోవడానికి వచ్చాడు. ఎక్కడ కొట్టాలో తెలియడానికి బొమ్మ తొడ మీద చిన్న పసుపు బొట్టు పెట్టుకున్నాడు. దూరంగా ఉన్నవాళ్లకు అది అలంకారం లాగే కనిపిస్తుంది. ఇంతమంది చేతులు పడ్డ బొమ్మను చూడ్డానికి ఊరు రాకుండా ఎలా ఉంటుంది? నా కవిసమ్మేళనంలో వాళ్లకు మిగిల్చిన పని చప్పట్లు కొట్టడం ఒక్కటే.

రెండో సంగతి అర్థం కావడానికి నాకు ఇంకో పదేళ్లు పట్టింది. నీకు పనికొచ్చేది ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఇవన్నీ పాతవి, కదలవు, ఇందులో కొత్తగా రాసేవాడికి చోటు లేదు అనుకునేవాణ్ని. ధర్మరాజు వేషం వేసే పెద్దాయనకు సంతకం రాదు, వేలిముద్రే. వందకు పైగా పద్యాలు నోటికి వచ్చు. ఒక పద్యంలో ఆయన ఒక మాట తప్పు పలుకుతున్నాడని నేను పనిగట్టుకుని వెళ్లి సరిదిద్దాను. ఒక రాత్రి నేను చెప్పినట్టే పాడి, నడుమ ఊపిరి చాలక ఆగిపోయాడు. మరుసటి రాత్రి మళ్లీ తన మాటే పాడాడు. అడిగితే, ‘అయ్యోరా, మీరు చెప్పింది పుస్తకానికి సరిపోతాది, నా గొంతుకు సరిపోలా’ అన్నాడు. అంతటితో నోరు మూసుకున్నాను. పద్యం జోలికి పోకూడదని తెలిసింది. కానీ అదే నాటకంలో హాస్యగాడు ఉంటాడు చూడు, వాడి మాటలకు ప్రతి లేదు. నాటకం నేర్పే అయ్యవారి నోటుబుక్కులో హాస్యగాడి దగ్గర ఖాళీగా వదిలేసి ఉంటుంది. ఏ ఊరికి పోతే ఆ ఊరి మాటలు, ఏ ఏడాదికి ఆ ఏడాది మాటలు.

అదే సందు. నేను చూసిన ప్రతి పల్లెకళలోనూ ఒక చోట ఇలాంటి సందు వదిలిపెట్టి ఉంటుంది. కొత్త మాట అక్కడ దూరవచ్చు, ఎవరూ ఏమనరు. ఇంకెక్కడ దూర్చినా బయటికి నెట్టేస్తారు.

ఒకసారి ధైర్యం చేసి హాస్యగాడికి రెండు పేజీలు రాసిచ్చాను. వాడు వాడుకున్నవి రెండే మాటలు, అవీ తిప్పి. దుర్యోధనుడు సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వనని తొడ కొట్టి పద్యం ముగించాడు. హాస్యగాడు వంగి దండం పెట్టి, ‘నేల వద్దులే సామీ, నీకు పలుకుబడి ఉండాది గదా, మా తోతాపురి కాయలకు ఒక టోకెన్ ఇప్పిస్తావా? మూడు దినాలుగా ట్రాక్టరు గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడే ఉండాది’ అన్నాడు. మామిడి తోటలున్న ఊరు కదా, జనం నవ్వు ఆగలేదు. ఆ ఏడు ధర పడిపోయి కాయలు రోడ్డు పక్కన పారబోసినవాళ్లు ఆ చాపల మీదే కూర్చుని ఉన్నారు. నేను రాసిన వచన కవితలు పత్రికల్లో కొన్ని వచ్చాయి కానీ, అంత వెంటనే జవాబు దేనికీ రాలేదు.

తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర నువ్వు చూసే ఉంటావు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపు కుండలు అని రోజుకో వేషం. మొక్కుకున్న ప్రతివాడూ వేషగాడే. వేషం కట్టినవాడు తిడితే ఎదుటివాడు పడతాడు. అదీ ఒక సందే, కాకపోతే పట్నం సైజుది.

ఆడవాళ్ల పాటల్లో ఈ సందు ఇంకా పెద్దది. ధనుర్మాసంలో గొబ్బి తట్టేటప్పుడు పాత పాటలు అయిపోయాక ఎవరో ఒకరు కొత్త చరణం ఎత్తుకుంటారు. మా వీధిలో ఒక అవ్వ ఒకసారి ఇలా ఎత్తుకుంది:

రేతిరి కరెంటు గొబ్బియళ్లో
రెండింటి కొచ్చెనె గొబ్బియళ్లో
మోటరు కాడికి గొబ్బియళ్లో
మొగుడు బోయెనె గొబ్బియళ్లో

బోరు మోటర్లకు అర్ధరాత్రి త్రీఫేజ్ ఇచ్చే రోజులవి. రే–రె, మో–మొ, యతి ఎలా పడిందో చూడు. యతి అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెవికి తట్టింది, అంతే. అన్నమయ్య కూడా గొబ్బి, సువ్వి, లాలి, ఏల అంటూ పనిపాటలవాళ్ల బాణీల్లోనే కూర్చాడు. ఆయన పాటలు వందల ఏళ్లు కొండ మీద రాతి అరలో రాగిరేకుల మీద ఉండిపోయి 1922లో బయటపడ్డాయి. మా అవ్వ పాటకు రాగిరేకు లేదు కాబట్టి నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

రాసుకోవడం దగ్గర నేను చేసిన తప్పులు నువ్వు చేయకుండా చెబుతాను. ఆ అవ్వను మొదట కుర్చీలో కూర్చోబెట్టి, టేపు రికార్డరు ముందు పెట్టి పాడమన్నాను. రెండు చరణాల తర్వాత గుర్తు రాలేదు. లేచి నలుగురితో కలిసి చప్పట్లు తడుతూ చుట్టూ తిరగమంటే పన్నెండు చరణాలు వచ్చాయి. పాట ఆమె కాళ్లలో ఉంది, నేను నోట్లో వెతికాను. ఇప్పుడు ఫోన్లు ఉన్నాయి కాబట్టి నీకు సులువు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు, లేకపోతే సరిగ్గా మంచి చరణం దగ్గర లోన్ కావాలా అని ఫోన్ వస్తుంది. హార్మణి పక్కన, డప్పు పక్కన పెట్టకు, పాడేవాళ్ల వైపు మడిచిన తువ్వాల మీద పెట్టు. పాట అయ్యాక ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎప్పుడు పాడతారు, పుట్టిల్లు ఏ ఊరు అని అడిగి అదీ రికార్డు చెయ్యి. పుట్టిల్లు ముఖ్యం. మన పల్లెల్లో సగం పాటలు కోడళ్లతో పాటు వచ్చినవే. నగరి వైపు నుంచి వచ్చిన కోడలి పాటలో సగం అరవం ఉంటుంది, దాన్ని తెలుగు చేయబోకు.

రాసేటప్పుడు ఎలా పలికితే అలాగే రాయి. ‘సెప్పినాడు’ అంటే సెప్పినాడే. సవరించిన ప్రతి కావాలనిపిస్తే పక్కన ఇంకోటి రాసుకో.

అడక్కుండా యూట్యూబులో పెట్టొద్దు. మా ఊళ్లో ఒక కుర్రాడు ఉత్సాహం కొద్దీ నాట్లప్పుడు పాడుతున్న ఒకామె వీడియో ముఖంతో సహా పెట్టేశాడు. మంచి గొంతు, జనం బాగా చూశారు. కింద కామెంట్లు ఇంటాయన చదివాడు. ఆమె రెండేళ్లు కయ్యలో నోరు విప్పలేదు. ఆ కుర్రాడు నా శిష్యుడే, రికార్డు చెయ్యరా అని ఎగదోసింది నేనే. అడిగి తీరాలి అనే మాట మాత్రం వాడికి చెప్పలేదు.

ఇప్పుడు నీ స్నేహితుడి సంగతి. నీళ్ల ట్యాంకు మీద ఏదో బొమ్మ వేస్తే పెద్దలు సున్నం కొట్టించేశారని రాశావు. ఆ బొమ్మ బాగుందో లేదో నేను చెప్పలేను, చూడలేదు. కానీ ట్యాంకు మీద ఊరు అడగని బొమ్మ అది. బొమ్మలకూ సందు ఉంటుంది. నాటకం వాళ్ల పెట్టెలు తెరిచి చూడమను. కిరీటాలు, భుజకీర్తులు తేలిక కర్రతో చెక్కి అద్దం ముక్కలు అంటించినవి ఉంటాయి, సగం అద్దాలు రాలిపోయి ఉంటాయి. వేషం వచ్చేముందు ఇద్దరు పట్టుకునే తెర, చాలా ఊళ్లలో ఇప్పుడది పాత దుప్పటి. ఆ తెర వేయమను. ఊరు కాదనదు, అది లేక ఇబ్బంది పడుతోంది కాబట్టి.

వేసేది ప్లాస్టిక్ పెయింటుతో కాకుండా మన దగ్గరి పద్ధతిలో వేస్తే ఊళ్లో పిల్లలు కూడా చేతులు పెడతారు. శ్రీకాళహస్తి మీకు ఎంతో దూరం లేదు. కలంకారీ పని అక్కడ దాదాపు ఆగిపోయే దశలో ఉంటే 1957లో శిక్షణ కేంద్రం పెట్టాక మళ్లీ నిలదొక్కుకుంది. పాత కలంకారీ తెరల్లో బొమ్మల వరస కింద కథ తెలుగులో రాసి ఉంటుంది. మీ ఇద్దరిలో ఒకడు కవి, ఒకడు చిత్రకారుడు, ఆ తెరలు ఒకసారి దగ్గరగా చూడండి.

నేను బడిలో పిల్లలతో చేయించింది నలుపు ఒక్కటే. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి మూత గుడ్డ కట్టి పులియబెట్టాలి. దీన్ని కసిమి అంటారు. కోరా గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు ఉండబట్టి గీత పక్కకు పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకోవాలి. కలం అంటే వెదురు పుల్లే, మొన చెక్కి, పైన గుడ్డ చుట్టి దారంతో కట్టింది. కసిమిలో ముంచి చుట్టిన గుడ్డను వేళ్లతో కొంచెం నొక్కితే మొన దాకా దిగుతుంది. కుండలో ఆ నీళ్లు టీ నీళ్లలా వెలవెలబోతూ ఉంటాయి. గుడ్డకు తాకిన చోట కళ్ల ముందే నల్లబడతాయి. కరక్కాయ వగరు, ఇనుము కలిసి చేసే పని అది. తొమ్మిదో తరగతిలో ఎప్పుడూ చివరి బెంచీలో పడుకునే పిల్లాడొకడు మొదటి గీత నల్లబడగానే కలం కింద పడేసి ‘సార్, ఇది నేనేనా?’ అన్నాడు. ఆ రోజు సైన్సు మాస్టారిని కూడా పిలిపించి చూపించాను. ఎరుపు జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. పటిక, ఉడకబెట్టడం, పారే నీళ్లలో జాడించడం, అదంతా వేరే పని. ఆ కళ స్వర్ణముఖి ఒడ్డున పెరగడానికి ఆ నీళ్లే ఒక కారణం.

డబ్బు గురించి అడిగావు. సంఘానికని వేరే చందా ఎత్తొద్దు. భారతానికి ఇంటికింత అని ఎలాగూ వేస్తారు, రెండో చందా అంటే జనం తలుపు వేసుకుంటారు. గుడ్డ, కరక్కాయలు, పాలు కలిపి నువ్వు బెంగళూరులో ఒక సినిమాకు పెట్టే ఖర్చు కూడా కాదు. ఫ్లెక్సీ మాత్రం వేయించొద్దు. ఫ్లెక్సీ అన్నాక ఎవరో ఒకరి ఫోటో పడాలి, పడగానే ఊళ్లో సగం మంది మీ మనుషులు కాకుండా పోతారు.

ఇంకొకటి, మొహమాటం లేకుండా చెబుతాను. మీ సమావేశాలకు వచ్చిన పదకొండు మంది ఏ వీధివాళ్లో లెక్కపెట్టుకో. నా కవిసమ్మేళనానికి పిలుపు పోయిన ఇళ్లన్నీ గుడి వీధివే, ఆ సంగతి చాలా ఏళ్లకు గానీ నాకు తట్టలేదు. ఊళ్లో లయ తెలిసినవాళ్లలో చాలామంది డప్పు కొట్టేవాళ్ల వీధిలో ఉంటారు. వాళ్లను ఊరేగింపు ముందు నడిపించి, అన్నాల వేళకు మరిచిపోవడం మనకు అలవాటు. వాళ్ల దగ్గర నేర్చుకుంటే నేర్చుకున్నదానికి దుడ్లు ఇవ్వాలి, కూర్చోవడానికి మీకు వేసిన చాపే వేయాలి. ఇది చేయలేకపోతే మిగతాదంతా మానేసినా ఫర్వాలేదు.

నీ కవితల మాట మిగిలింది. రెండు పంపావు, చదివాను. రెండోది బాగుంది, అమ్మ బస్టాండులో టిఫిన్ క్యారియరు పట్టుకుని నిలబడిన కవిత. అది మీ ఊళ్లో చదవాలని పట్టుపట్టకు. తిరుపతిలో చదువు, పత్రికకు పంపు, దానికి వినేవాళ్లు అక్కడ ఉన్నారు. ఊరి కోసం రాయాలనిపిస్తే హాస్యగాడికి నాలుగు మాటలు రాసివ్వు, గొబ్బికి చరణం కట్టివ్వు, ఎవరైనా పోయినప్పుడు రాత్రంతా భజన కూర్చుంటారు కదా, అక్కడ తెల్లవారుజామున తత్వాలు అయిపోయి గొంతులు అలిసిపోతాయి, ఆ పోయినాయన మీద నాలుగు చరణాలు నువ్వు ఎత్తుకో. పేరు వేసుకోవడం కుదరదు. రెండేళ్ల తర్వాత పక్క ఊళ్లో ఎవరో అదే చరణం మార్చి పాడుతుంటే నీకు కొంచెం ఒళ్లు మండుతుంది కూడా. నాకు మండింది.

మూడో సమావేశం రద్దు చెయ్యి. ధనుర్మాసానికి ఇంకా నెలన్నర ఉంది. ఈసారి ఊరికి వచ్చినప్పుడు సాయంత్రం పాలు పోసే చోటికి వెళ్లి క్యాన్ల దగ్గర నిలబడు, గొబ్బి ఎవరు బాగా ఎత్తుకుంటారో అక్కడే తెలుస్తుంది. పాత ఇనుప సామాన్ల కొట్లో తుప్పు మేకులు ఒక కిలో తీసుకుని ఆ కుండ మాత్రం వెంటనే వేసి పెట్టు, రెండు మూడు వారాలు పడుతుంది. పశువుల కొట్టం మూలన పెట్టు. వాసన వస్తుందని మీ అమ్మ తిడుతుంది, ముందే చెప్పి పెట్టు.